తెర వెనక ఏడ్చిందెవరు?

వరహాలరావు భాగవతారు పులిని చంపానని చెప్పకుండా ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. నిజానికి ఆయన బల్లిని కూడా చంపి ఎరగడు. కానీ ఘాటీ ఎక్కి ఎక్కి కాళ్ళు పీకుతున్నాయి. దారికి అడ్డంగా దుంగ వేసి ఉంది. దుంగకి అవతల పనసపుట్టు ఊరి ఆడవాళ్ళంతా నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. అలాంటప్పుడు మనిషి నోటికి ఏది వస్తే అది అనేస్తాడు.

మన్యంలో పితూరీ తిరుగుబాటు చల్లారి కొండదారులు మళ్ళీ తెరుచుకున్న రోజులవి. శృంగవరపుకోట దాకా మోటారు బస్సు కొత్తగా పడింది. కోటలో ఉప్పూ పొగాకూ అమ్మే ఆదినారాయణ, ఎప్పట్లాగే పెరికెద్దుల మీద సరుకు వేసుకుని అరకు వైపు సంతలకి బయల్దేరాడు. ఈసారి సరుకుతో బాటు చెల్లెలి మొగుణ్ణి కూడా తోలుకొచ్చాడు. ఆ చెల్లెలి మొగుడే మన భాగవతారు.

"మాట మాటే బావా," అన్నాడు ఆదినారాయణ, కొండ సగంలో ఎద్దుల్ని అదిలిస్తూ. "లోతుగెడ్డ ముఠాదారు వాకిట్లో నువ్వు కత సెప్పాల. హారతి పళ్ళెం తిరిగీదాకా జనం కూకున్నారా, నీ గజ్జెలు నీయి. మళ్ళీ నేను నోరెత్తను. మధ్యలో లేసెల్లిపోయారా, ఆ గజ్జెలు ఇప్పి నా కర్రెద్దు మెళ్ళో కట్టీడం, నువ్వొచ్చి కొట్లో తక్కెడ పట్టుకోడం."

"గజ్జెలు ఎద్దుకా!" భాగవతారు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"దాని తాళం నీకంటే నయం. నడక సూడు."

కర్రెద్దు నిజంగానే లయ తప్పకుండా నడుస్తోంది. భాగవతారు మొహం తిప్పుకున్నాడు.

"కోటలో జనానికి చెవులు పోయాయి బావగారూ. నాటకం అంటారు, బయస్కోపు అంటారు. ఈ కొండజనం అలా కాదు. అమాయకులు. నా కంఠం వింటే కరిగి గెడ్డలో కలుస్తారు. నా దగ్గర మూడు కల్యాణాలున్నాయి, రెండు యుద్ధాలున్నాయి, ఒక వనవాసం ఉంది. ఏది కావాలంటే అది."

"మృదంగం ఏదీ? ఫిడేలేదీ?"

"వాళ్ళిద్దరికీ మన్యం జ్వరం అంటే భయం. నాకు కంఠం చాలు."

ఆ కంఠం వేసుకునే పనసపుట్టు దుంగ దగ్గరికి వచ్చి పడ్డారు.

ఇటుకల పండగ నడుస్తోంది. మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకి అడవిలోకి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఊరు ఆడవాళ్ళది, దారీ ఆడవాళ్ళదే. ఎవడు దాటాలన్నా ఏదో ఒకటి ఇచ్చుకుని దాటాలి. ఆదినారాయణకి ఇది కొత్త కాదు. దోసెడు ఉప్పు, ఒక పొగాకు కట్ట తీసి ఇచ్చాడు. దుంగ లేచింది. ఆయనా ఎద్దులూ దాటారు. భాగవతారు కాలు ఎత్తేసరికి దుంగ మళ్ళీ కిందికి దిగింది.

దుంగ మీద చెయ్యి వేసిన ముసలామె పేరు సోములమ్మ. చుట్ట నిప్పు కొసని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. పొగ వదలకుండానే అడిగింది.

"నువ్వేటిత్తావు బాబూ?"

"నేను కళాకారుణ్ణి తల్లీ. కథ ఇస్తాను."

ఆడవాళ్ళ మొహాలు విచ్చుకున్నాయి. ఉన్నవాళ్ళు ఉన్నట్టే నేల మీద కూర్చున్నారు. భాగవతారు సంచిలోంచి పట్టు ఉత్తరీయం తీసి భుజాన వేసుకుని, చిడతలు మోగించి, పెద్ద కల్యాణం ఎత్తుకున్నాడు. బంగారు పల్లకీ వచ్చింది. ముత్యాల పందిరి వచ్చింది. పెళ్ళికొడుకు ఏనుగు దిగబోతున్నాడు.

"ఆ పెళ్ళికి నువ్వెల్లావా?" అంది సోములమ్మ.

భాగవతారు చిడతలు ఆగాయి. "నేనా? లేదు."

"మీ అయ్య ఎల్లాడా?"

"ఎప్పుడో యుగాల కిందటిది తల్లీ. మా పెద్దలు చెప్పారు."

"మరైతే ఆ పెద్దోల్లు ఎప్పుడొత్తే అప్పుడు ఆల్ల నోటితో ఇంటాం. నీకు జరిగింది సెప్పు. పెళ్ళికెల్లనోడు పెళ్ళి కత సెప్పడం ఏటి?"

అందరూ తలలూపారు. అడ్డంగా వాదించడం కాదు. వాళ్ళకి అది నిజంగానే వింతగా ఉంది.

సరిగ్గా అక్కడే భాగవతారికి పులి తట్టింది.

"నాకు జరిగిందా? అయితే వినండి. ఒక పెద్దపులి. నేను ఒంటరిగా అడవిలో పోతున్నాను. అది మీదికి దూకింది. నా చేతిలో ఈ చిడతలు తప్ప ఏమీ లేవు. నుదుటి మీద ఒక్కటి వేశాను. అంతే! తన్నుకుని చచ్చింది."

ఎవరూ నవ్వలేదు. సోములమ్మ చుట్ట నోట్లోంచి తీసి చేతిలో పట్టుకుంది.

"ఆడదా, మొగదా?"

"నేను... అంత పరీక్షగా చూడలేదు. మర్యాద కాదని."

"ఎప్పుడు సంపావు?"

"ఇప్పుడే. అంటే మొన్న. ఈ కొండ కిందే."

"తోలేది?"

"తోలా? బరువు కదా. వదిలేసి వచ్చాను."

"గోళ్ళు?"

"గోళ్ళు కూడా..."

సోములమ్మ పక్కనున్న పడుచుపిల్ల వైపు చూసింది. "గంగా."

గంగ లేచి వెళ్ళింది. అవతలి నుంచి ఆదినారాయణ గట్టిగా అరిచాడు, "బావా! వెనక్కి తీసుకో! ఆ మాట వెనక్కి తీసుకో!" ఆయనకి ఈ పండగ ఆనవాయితీ తెలుసు. కానీ అప్పటికే ఆలస్యమైంది. వేటకి వెళ్ళి, వేటాడిన జంతువు లేకుండా ఒట్టి చేతుల్తో ఊళ్ళోకి వచ్చిన మగవాడికి ఈ పండగలో ఏం చేస్తారో గంగ రెండు చేతులా మోసుకొచ్చిన కుండలో ఉంది. కుండెడు పేడనీళ్ళు పట్టు ఉత్తరీయం మీదుగా భాగవతారి ముక్కు దాకా దిగాయి.

ఇప్పుడు నవ్వారు. కొండకి అవతల ఉన్నవాళ్ళకి కూడా వినిపించేలా నవ్వారు. కోపంతో కాదు, అది పండగ.

భాగవతారు మాత్రం ఊగిపోయాడు. "నా పెళ్ళిరోజున కూడా నాకు ఇంత అవమానం జరగలేదు!" అని అరిచాడు.

నవ్వులు టక్కున ఆగాయి.

"పెళ్ళిరోజున ఏటయింది?" అంది సోములమ్మ. దుంగ ఇంకా దిగే ఉంది.

గడ్డం మీంచి పేడనీళ్ళు కారుతుంటే మనిషి అబద్ధాలు అల్లలేడు. భాగవతారు రాగం లేకుండా, చిడతలు లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పెళ్ళిపీటల మీద పురోహితుడు సరదాకి ఒక పాట పాడమన్నాడు. తను ఎత్తుకున్నాడు. రాగం బాగా కుదిరింది, వదలబుద్ధి కాలేదు. ముహూర్తం దగ్గర పడింది. పురోహితుడు కళ్ళతో సైగ చేశాడు, మోచేత్తో పొడిచాడు, చివరికి దణ్ణం పెట్టాడు. తను మాత్రం పైస్థాయికి వెళ్ళాడు. అప్పుడు తెర వెనక నుంచి పెళ్ళికూతురే అంది: "పాట ఆపి తాళి కట్టమనండి!"

"అన్నాదా!" గంగ నోరు తెరిచింది.

"అంది. గొంతు వణుకుతోంది. నా పాటకి ఏడ్చేసింది తల్లీ. నేను తేరుకునే లోపల తెర పట్టుకున్న మనిషి తెరతో సహా పురోహితుడి మీద పడ్డాడు."

"ఆడెందుకు పడ్డాడు?"

"నిలబడే నిద్రపోయాడు."

"ఎవుడాడు?"

భాగవతారు పేడచెయ్యి ఎత్తి దుంగకి అవతల చూపించాడు. ఆదినారాయణ తలపాగా సర్దుకుంటూ కర్రెద్దు చాటుకి వెళ్ళాడు.

దుంగ లేచింది. గంగ తనే చెయ్యి పట్టుకుని గెడ్డ దగ్గరికి తీసుకెళ్ళి, ఉత్తరీయం ఉతికి, బండ మీద ఆరేసింది. సోములమ్మ జొన్న అంబలి పోసింది.

మర్నాడు పొద్దున్నే మేడిగుడ వైపు సాగారు. లోయకి ఈవల నుంచి పనసపుట్టు ఆడవాళ్ళు చేతులు నోటి దగ్గర పెట్టుకుని అవతలి కొండకి ఏదో కేకేస్తున్నారు. అవతలి కొండ నుంచి నవ్వు తిరిగొస్తోంది.

"ఏమంటున్నారు బావగారూ?"

"సంత కబుర్లేవో," అన్నాడు ఆదినారాయణ. కానీ నడక తొందర చేశాడు.

మేడిగుడలోనూ దుంగ ఉంది. దుంగ వెనక ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడుతున్నారు. పాట కొత్తది.

"రాగమేటి రాగమో, తాళి కట్టు బావో! తెర కాస్తా కూలిపోయె, తాళి కట్టు బావో!"

భాగవతారు నిలువునా రాయి అయ్యాడు. రాత్రికి రాత్రి తన పెళ్ళి కొండ దాటింది. ఆయన నోరు విప్పేలోపల ఒకామె చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆ పెళ్ళి మాకొచ్చీసింది బాబూ. ఇంకోటి సెప్పు."

ఆదినారాయణ చిరునవ్వుతో ఉప్పుసంచి విప్పాడు. ఆమె సంచి వైపు చూడనైనా లేదు.

"ఉప్పు సంతలో దొరుకుతాది. తెర పట్టుకున్న సావుకారివి నువ్వేనా?"

"నేనా? నేను యాపారస్తుణ్ణి."

"నిలబడి ఎలా నిద్దరోయావో సూపించు."

"సీ! నా వయసేటి, మీ పరాసికాలేటి! దుంగ తియ్యండి!"

దుంగ కదల్లేదు. ఎండ ఎక్కింది. ఎద్దులు బరువుతో మోకాళ్ళు వంచుతున్నాయి. భాగవతారు ఆకాశం వైపు చూస్తూ, "పాపం ఎద్దులు," అన్నాడు. "గజ్జెలు కట్టాల్సిన ఎద్దులు."

ఆదినారాయణ పళ్ళు నూరుకున్నాడు. తలపాగా విప్పి, రెండు కొసలు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తల మెల్లిగా వాలింది. ఒక్క ఉలికిపాటుతో లేచింది. మళ్ళీ వాలింది. పెదవి చివర నుంచి కొంచెం చొంగ కూడా తెచ్చాడు, ఎక్కణ్ణుంచి తెచ్చాడో గాని. తర్వాత చెట్టు కూలినట్టు వంగి, ఆఖరి క్షణంలో కర్రెద్దు మీద పడ్డాడు.

ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని కూలబడ్డారు. ఒకామె దుంగ మీదే బోర్లా పడిపోయింది. ఆదినారాయణ ఒక కన్ను తెరిచి వాళ్ళని చూశాడు. నలభై ఏళ్ళుగా తక్కెడ వెనక నిలబడ్డ మనిషి. ఆయన్ని చూసి ఎవరూ ఎప్పుడూ ఇలా నవ్వలేదు.

"మొదట్లో తల ఇలాగ కాదు," అన్నాడు గంభీరంగా. "ఇలాగ." అని ఎవరూ అడక్కుండానే మళ్ళీ మొదట్నుంచీ ఆడి చూపించాడు.

చుట్టుపక్కల కొండఊళ్ళకి పెద్ద, లోతుగెడ్డ ముఠాదారు భీమన్న దొర వాకిలి పేడతో అలికి, మామిడాకులతో కట్టి, పెళ్ళివారి ఇల్లులా ఉంది. వేట నుంచి మగవాళ్ళు వచ్చేశారు. మధ్యాహ్నమే విందు అయింది. ఇంకా పొద్దు ఉండగానే జనం వచ్చి కూర్చున్నారు. పనసపుట్టు నుంచి సోములమ్మ, గంగ కూడా వచ్చారు. తుడుం వాయించే మంగ్లు, "నాకు థింసా దెబ్బ ఒక్కటే వచ్చు బాబూ, దాన్లోకి నువ్వే సర్దుకోవాల," అని ముందే చెప్పేశాడు.

భాగవతారు ఉతికిన ఉత్తరీయం వేసుకుని, గజ్జెలు కట్టుకున్నాడు. దారి పొడుగునా పరువు పోయింది. ఇక్కడైనా పెద్ద కల్యాణంతో నిలబెట్టుకోవాలని ఆయన పట్టుదల.

"ఆ తెర కతే సెప్పు బావా," అన్నాడు ఆదినారాయణ నెమ్మదిగా. అన్నాక నాలిక కరుచుకున్నాడు. తను పందెం అవతలి వైపు ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"రోడ్డు మీద ముచ్చట్లు వేరు, సభ వేరు," అన్నాడు భాగవతారు.

బంగారు పల్లకీ వచ్చింది. జనం మర్యాదగా విన్నారు. ముత్యాల పందిరి వచ్చింది. ఒకామె లేచి, పొయ్యి మీద ఏదో ఉందన్నట్టు చెయ్యి చూపించి వెళ్ళింది. ఏనుగు వచ్చింది. ముగ్గురు మగవాళ్ళు చుట్టలు ముట్టించుకోవడానికి లేచి, మళ్ళీ రాలేదు. పెళ్ళికొడుకు ఏనుగు దిగేటప్పటికి వెనక వరస ఖాళీ. భీమన్న దొర కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గాని, వాటి వెనక మనిషి లేడు. మంగ్లు తుడుం మాత్రం ఉత్సాహంగా మోగుతోంది. పక్కనే కట్టేసిన కర్రెద్దు మెడ ఊపింది. భాగవతారికి ఆ మెడలో తన గజ్జెలు కనిపించాయి.

అలవాటు కొద్దీ నోరు నడుస్తోంది. "అంతట వధువును తెచ్చి, నడుమ తెర పట్టి..."

వెళ్ళిపోతున్న ఒకామె ఆగింది. గంగ మెడ నిక్కించింది.

"తెర ఎవురు పట్టుకున్నారు?" అంది సోములమ్మ.

లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. మంగ్లు కూడా కర్రలు ఎత్తి ఆపాడు. భాగవతారు జనాన్ని చూశాడు. అప్పటిదాకా ఆయన వాళ్ళ తలల పైనుంచి పల్లకీనే చూస్తున్నాడు. ఇప్పుడు మొహాలు కనిపించాయి. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"మా బావగారు," అన్నాడు.

ఒక్కసారి గోల లేచింది. చుట్టల కోసం వెళ్ళినవాళ్ళు చుట్టలతోనే పరిగెత్తుకొచ్చారు. ముత్యాల పందిరి కాస్తా కోటలో తాటాకు పందిరి అయింది. ఏనుగు పోయి, పెళ్ళికొడుకు పిలవని పేరంటంలో పాట పాడినట్టు పీటల మీద పాడుతున్నాడు. పురోహితుడు దణ్ణం పెట్టేచోట భాగవతారు తనే మోకాళ్ళ మీద పడి దణ్ణం పెట్టాడు. మంగ్లు థింసా దెబ్బ సరిగ్గా ఆ దణ్ణానికే పుట్టినట్టు కుదిరింది.

"తెరేదీ? తెర!" అని జనం అరిచారు.

ఎవరో కంబళి విసిరారు. అది పట్టుకుని నిలబడ్డది ఆదినారాయణే. తల వాలింది, లేచింది, వాలింది. చొంగ వచ్చింది. కంబళితో సహా భీమన్న దొర ఒళ్ళో పడ్డాడు. దొర ఉలిక్కిపడి నిజంగానే మేలుకున్నాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ పడవోయ్ సావుకారీ," అన్నాడు.

మళ్ళీ పడ్డాడు.

భాగవతారు మంగళం పాడి హారతి పళ్ళెం తిప్పేవేళకి కదిలిన మనిషి లేడు. ఆదినారాయణ ఒంటికి అంటిన దుమ్ము దులుపుకుంటూ వచ్చి, "గజ్జెలు నీయే బావా," అన్నాడు. ఓడిపోయినవాడి మొహంలా లేదు అది. "రేపు సంతలో కూడా ఒకసారి ఏత్తామా?"

అప్పుడు సోములమ్మ లేచి వచ్చింది. చుట్ట నోట్లోంచి తీసింది. భాగవతారికి ఆ తియ్యడం చూస్తేనే ఒళ్ళు జలదరించింది.

"కత బాగుంది బాబూ. ఒక్కటి. ఆ గుంట ఏడ్సిందన్నావు. నువ్వు సూసినావా?"

"గొంతు వణికింది తల్లీ. విన్నాను."

"ఒణికితే ఏడుపేనా? నువ్వు తెరకి ఇవతలున్నావు. నీ బావ నిద్దరోయాడు. తెర పడ్డాక సూసినావా?"

"కొంగు మొహానికి అడ్డంగా ఉంది. భుజాలు అదురుతున్నాయి."

"అదీ! ఆ ముక్క ఎవురూ సూడలేదు," అంది సోములమ్మ, తూకంలో తేడా పట్టుకున్నదానిలా. "అది కనుక్కుని సెప్పు." అని చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

కొండ దిగి కోట చేరేదాకా ఆ ముక్క భాగవతారిని వదల్లేదు. గజ్జెలు గెలిచిన ఆనందం సగం దానికే పోయింది. అనంతగిరి దగ్గర ఆదినారాయణ పిప్పళ్ళు కొనడానికి ఆగితే, అక్కడా అదే గొడవ.

"బావగారూ, నిజం చెప్పండి. కనకం ఏడ్చిందా?"

"నేను నిద్దరోయాను కదా! ఊరూరా ఆడి సూపించాను, ఇంకా అనుమానమేటి?"

"ఇంటికెళ్ళి అడగండి మీరు. చెల్లెలు కదా."

"పెళ్ళాం కదా. నువ్వే అడుగు."

పొద్దు పొడిచే వేళకి కోటలో అడుగుపెట్టారు. భాగవతారు వీధి మొదట్లోనే ఆగి గజ్జెలు కట్టుకున్నాడు. తను గెలిచాడని ఊరికి తెలియాలి. ఘల్లుఘల్లుమంటూ ఇంటి ముందుకి వచ్చి, వాకిట్లోకి కాలు పెట్టబోయాడు.

గుమ్మానికి అడ్డంగా రోకలి ఉంది.

రోకలి వెనక ఆయన భార్య కనకమహాలక్ష్మి నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. రెండో చేతిలో కళ్ళాపి కుండ. పేడనీళ్ళు అంచు దాకా ఉన్నాయి.

"ఏమిటే ఇది?"

"నిన్న అడ్డాకులమ్మే కొండమనిషి వచ్చింది. ఏడ్చిన పెళ్ళికూతురివి నువ్వేనా అమ్మా అని అడిగింది," అంది కనకం. "వెనక ఇంకో ముగ్గురు నన్ను చూడ్డానికి వచ్చారు. ఒకామె పాట కూడా పాడింది."

ఆదినారాయణ మెల్లిగా కర్రెద్దు చాటుకి జరిగాడు.

"నేను ఏడ్చానని మన్యమంతా చాటారట. మీరు చూశారా?"

భాగవతారు కుండ వైపు చూశాడు. "చూడలేదు."

"మా అన్నయ్య నిద్దట్లో మీ పాటకి తాళం ప్రకారం తల ఊపుతున్నాడు. మీ బాసికం జారి ముక్కు మీదికొచ్చి, మీరు పైకెళ్ళినప్పుడల్లా గెంతుతోంది. తెర పక్క సందులోంచి నాకు అన్నీ కనిపిస్తున్నాయి. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఇంకో నిమిషం అయితే నలుగురిలో పగలబడి నవ్వేదాన్ని. అందుకని ఆపమన్నాను." నడుం మీది చెయ్యి తీసి కొంగు సర్దుకుంది. "అప్పుడే అనుకున్నాను, ఈ మనిషితో పొద్దు గడుస్తుందని."

భాగవతారు ఎత్తిన గజ్జె కాలు వెనక్కి తీసుకున్నాడు. "మరి ఇన్నేళ్ళలో ఒక్క కథకీ రాలేదేం?"

"ఎవరో రాజుగారి కూతురి పెళ్ళి. నాకేమన్నా చుట్టమా?"

ఎద్దు చాటు నుంచి ఆదినారాయణ "ఊ" అన్నాడు.

"మొదట్నించీ చెప్పండి," అంది కనకం. "ఏం చెప్పారో నేనూ వింటాను. తప్పు వచ్చిందో..." కుండ కొంచెం వంచింది. నాలుగు చుక్కలు గడప మీద పడ్డాయి.

"ఏడుపు తీసేసి నవ్వు పెడతాను సరే," అన్నాడు భాగవతారు దిగులుగా. "కానీ అక్కడ ఏడుపు కోసమని నేను కట్టి పెట్టిన పాట నవ్వుకి కుదరదే. దాన్నేం చెయ్యను?"

"తీసెయ్యండి."

ఆయన భార్య మొహం చూశాడు. రోకలి చూశాడు. కుండ చూశాడు. వీధిలో ఇరుగుపొరుగు అప్పటికే ఒక్కొక్కరే అరుగుల మీద చేరుతున్నారు. ఎన్నడూ ఆయన కథకి రానివాళ్ళు.

భాగవతారు వంగి, కర్రెద్దు మెడకి పోకుండా కాపాడి తెచ్చుకున్న గజ్జెలు తనే విప్పి, అరుగు మీద పెట్టాడు.

"నా పెళ్ళిలో పురోహితుడు సరదాకి ఒక పాట పాడమన్నాడు," అన్నాడు. "అక్కడే తప్పు జరిగింది."

"ఊ," అంది కనకం. కుండ కింద పెట్టింది. చెయ్యి మాత్రం దాని మీదే ఉంచింది.